చివరన వచ్చే మనిషి

నూట పన్నెండు దాకా వచ్చాక లెక్క తప్పింది. బెలార్మీనో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. రెండడుగులకి పీల్చడం, మూడడుగులకి వదలడం. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే ఊపిరి సంగతి మరిచిపోవచ్చని ఈ మూడు వారాల్లోనే కనిపెట్టాడు, కానీ ఇవాళ ఆ లెక్క కుదరడం లేదు, పీల్చింది చాలకముందే వదలాల్సి వస్తోంది, వదలడం పూర్తికాకముందే నోరు మళ్ళీ తెరుచుకుంటోంది. ముందు పది గజాల దూరంలో నారింజరంగు వానకోటు ఒకటి పొగమంచులో మసకగా ఊగుతూ పోతోంది. దాని వెనకే ఉండాలి, దాన్ని దాటకూడదు, అది ఆగితే ఆగాలి, అదే అతని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అందరూ చీపురు అంటారు. అందరికంటే ముందు నోయెలియా పరిగెడుతుంది, అతని కూతురు, ఈ యాత్రలు నడిపేది ఆమే. ఆమె వెనక పేర్లిచ్చి వచ్చిన నలుగురు, వాళ్ళకి చాలా వెనక ఐదో మనిషి, నారింజ కోటు విసితాసియోన్, ఆవిడ వెనక చీపురు. జారిపోయిన చేతితొడుగులూ, శక్తికోసం చప్పరించి పారేసిన తీపిగుజ్జు రేపర్లూ, బెణికిన చీలమండలూ, ఇక మా వల్ల కాదని రాళ్ళమీద కూలబడే మనుషులూ, అన్నీ ఊడ్చుకుంటూ రావాలి. ఒవియెదో నుంచి సంతియాగో గుడి దాకా మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు, ఎనిమిది రోజులు, ఇది మూడో రోజు. నిన్న తినేవో ఊళ్ళో కాఫీ పోసిన ముసలాయన వాళ్ళ పొట్టి నిక్కర్ల వంక చూసి, “వెయ్యేళ్ళ పైనుంచీ జనం ఈ దారిన నడిచే పోతున్నారు కదయ్యా, మిమ్మల్ని తరుముతున్నవేమిటి, పాపాలా, పెళ్ళాలా?” అన్నాడు. అందరూ నవ్వారు. బెలార్మీనో కూడా నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, కాఫీ పొలమారిందని గుండెమీద కొట్టుకున్నాడు.

పొలమారడం, జలుబు, పుప్పొడి, రాత్రి తలుపు తీసి పడుకోవడం. మూడు వారాల్లో ఎన్ని వంకలు వాడేశాడో. ఒకసారి వాడిన వంక అదే మనిషి దగ్గర మళ్ళీ వాడకూడదు, అదో లెక్క, దాన్నీ గుర్తుపెట్టుకోవాలి. అడుగుల లెక్క, వంకల లెక్క, ముందున్న వాళ్ళ లెక్క, వీటన్నిటి బరువూ సంచిలో పెట్టుకుని మోస్తున్నట్టుంది. సంచిలో నిజంగా ఉన్నవి రెండు లీటర్ల నీళ్ళు, కట్టుగుడ్డలు, వెండి రేకు దుప్పటి, ఈల, తాడు, పొడి మేజోళ్ళు ఆరు జతలు. అయిదు కిలోలుండవు. బొగ్గుగని బావిలో కర్ర దూలాలు భుజాన వేసుకుని వంగి నడిచిన మనిషికి అయిదు కిలోలంటే ఏమిటి. కానీ ఆ నడిచినవాడు ఎవడో. ఇతను కాదు. ఇతని మోకాళ్ళు వేరు, ఇతని నాలుక అట్టలా అయిపోయింది, ఇతనికి ఈ మంచులో ఎక్కడో కాస్త మెత్తటి గడ్డి దొరికితే ఒరిగిపోదామని ఉంది. పసుపుపూల ముళ్ళపొదలు రెండు పక్కలా తడిసి నిలబడ్డాయి. ఎక్కడినుంచో మెడగంట ఒకటి మోగింది, గుర్రం కనిపించలేదు. గాలిమరలు తిరుగుతున్న హోరు వినిపిస్తోంది, అవీ కనిపించడం లేదు. గాలి ఇంత ఉంది కదా, ఇంత గాలి కొండమీదంతా ఊరికే పోతోంది కదా, ఇందులోంచి ఒక్క గుక్కెడు సరిగ్గా లోపలికి పోతే ఏం.

బావిలో గాలి లేదు. గొట్టంలో పంపిన గాలి, ఇనుపవాసన వేసే గాలి, అది చేరేసరికి సగం దుమ్మే. అరవై సెంటీమీటర్ల బొగ్గు పొర, అందులో పక్కకి ఒరిగి పడుకుని గాలిసుత్తి భుజానికి ఆనించుకుని కొట్టాలి, రాయి అడ్డొస్తే రాయినీ కొట్టాలి, ఆ రాతి దుమ్మే అసలు దయ్యం, బొగ్గు దుమ్ము నల్లగా కనిపించి ఉమ్మేస్తే పోతుంది, రాతి దుమ్ము కనిపించదు. ముక్కుకి కట్టుకోమని ముసుగులిచ్చారు. కట్టుకుంటే ఊపిరాడదు, ఊపిరాడకపోతే పని సాగదు, పని సాగకపోతే పైవాడు అరుస్తాడు, అందుకని ముసుగు మెడలో వేలాడేది, పతకంలాగా. పందొమ్మిదేళ్ళప్పుడు దిగాడు, నలభై తొమ్మిదో ఏట బావి మూసేశారు, ముప్పై ఏళ్ళు. ఆఖరిరోజు అందరూ ఒకరి భుజాలమీద ఒకరు చేతులు వేసుకుని ఏడ్చారు, అతను మాత్రం ఏడవలేదు, బయటికొచ్చి స్నానాలగదిలో తన బట్టలు పైకి వేలాడదీసిన కొక్కెం గొలుసు విప్పుతూ, ఇక రేపట్నుంచి పొద్దున్నే ఏ బట్టలు వేసుకోవాలో అని ఆలోచించాడు. ఆ ఆలోచన రెండేళ్ళు సాగింది. ఒవియెదో డాక్టరమ్మకి కూతురు నోయీ వయసే ఉంటుంది, వెలుగు పలకమీద ఊపిరితిత్తుల ఫోటో పెట్టి కలం కొసతో చూపించింది. తెల్లటి చుక్కలు, సెనగ గింజలంత. “పోయినేడు ఇవి ఇన్ని లేవు బెలార్మీనో గారూ. ఈ దుమ్ము జబ్బులో రెండో దశలోకి వచ్చేశారు. నడవండి, నడక మంచిదే. పరుగులొద్దు, కొండలొద్దు. మీరేం చేస్తుంటారు ఇప్పుడు?” “తోటపని,” అన్నాడు. ఎందుకలా అన్నాడో. ఇంట్లో తోటే లేదు. ఇంటికొచ్చాక భార్య ఎలోయినా వంటింట్లోంచే “ఏమన్నారు?” అని అడిగింది, “పోయినేడు లాగే,” అన్నాడు. ఆమె బీన్స్ నానబోసుకుంటూ దేవుడికి దండం పెట్టుకుంది. డాక్టరమ్మ ఇచ్చిన కాయితం మడిచి పనిముట్ల పెట్టెలో స్పానర్ల కింద పెట్టాడు.

“ఏమయ్యా చీపురూ, ఊడ్చడం మానేశావా?”

నారింజ కోటు ఆగింది. తలెత్తి చూస్తే ఇరవై గజాలకి పైగా వెనకబడ్డాడు. చీపురు వెనకబడడమేమిటి.

“వస్తున్నా దోన్యా విసీ.”

“మళ్ళీ దోన్యా! ముసలమ్మని పిలిచినట్టు. పళ్ళన్నీ నావే ఇంకా. ఊరికే విసీ అను.”

అరవై మూడేళ్ళ మనిషి, సమోరా నుంచి వచ్చింది, నలభై ఏళ్ళు ఆసుపత్రిలో కానుపులు చేసి ఈమధ్యే ఉద్యోగం నుంచి దిగింది. పొట్టి కాళ్ళు, గట్టి నడుము, నోటికి తాళం లేదు. మొదటిరోజే అందర్నీ నిలబెట్టి చెప్పింది, “నలభై ఏళ్ళు మంచం పక్కన నిలబడి తొయ్యమ్మా తొయ్యి అని అరిచాను, ఇప్పుడు నన్ను నేనే తోసుకుంటున్నాను. నేను ఆలస్యంగా వస్తానని ఎవరూ బెంగపడకండి, ఆలస్యంగా వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.” ఆవిడ వెనక పరిగెత్తడం బెలార్మీనోకి అదృష్టంలా తోచింది. ఆవిడ నడకకీ పరుగుకీ మధ్యన ఎక్కడో ఉంటుంది, ఆవిడ వెనక తనూ అక్కడే ఉండొచ్చు, నెమ్మది ఆవిడది అని లోకం అనుకుంటుంది. మూడు రోజులుగా ఆవిడ నెమ్మది చాటున దాక్కున్నాడు. సిగ్గుగా కూడా లేదు. సిగ్గుపడడానికీ ఊపిరి కావాలి.

దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూలిపోయిన పాత సత్రం గోడలు ఎడమపక్క నేలలోంచి మోకాలెత్తు లేచి ఉన్నాయి. ఈ కొండమీద మూడు సత్రాలుండేవి ఒకప్పుడు, ఇదే చివరిది, ఇక్కణ్ణుంచి పాలో కనుమ దాకా ఇల్లుగానీ నీటిబొట్టుగానీ లేవు, కనుమ దగ్గర తారురోడ్డు, రోడ్డుమీద వ్యాను, వ్యానులో వేడి సూపు. ఒక గంట. నెమ్మదిగా పోతే గంటంబావు. రాళ్ళమీద నాచు పట్టింది. ఎవరు పడుకున్నారో ఆ గోడల మధ్య, ఎన్ని దగ్గులు దగ్గారో.

విసీ అతన్ని చూడడం లేదు. తల కొంచెం పక్కకి వంచి ఎటో చూస్తోంది, వింటున్న మనిషిలా.

“నీది జలుబు కాదు,” అంది.

“జలుబే.”

“నాలుగు వేల కానుపులు చూశాను. తలుపవతల నిలబడి ఊపిరి విని ఇంకా ఎన్ని గంటలు పడుతుందో చెప్పేదాన్ని. నాకు చెప్తావా జలుబని?”

“పుప్పొడి.”

“ఆగస్టు చివర్లో, పొగమంచులోనా? సరేలే. పెదాలు బిగించి వదులు, కొవ్వొత్తి ఊదినట్టు. ఊఁ. తొందరేం లేదు. నీకేం ఆడపిల్ల పుట్టబోవడం లేదు కదా, పుట్టిన పిల్ల ముందు పరిగెడుతోంది.”

అతను ఊదాడు. నవ్వొచ్చింది, నవ్వకుండా ఆపుకున్నాడు. ఆవిడ ముందుకి కదిలింది, అతను వెనకే. ఒకటి, రెండు, మూడు. పుట్టిన పిల్ల. పుట్టినరోజున కూడా అతను బావిలోనే ఉన్నాడు, రెండో షిఫ్టు, పైకొచ్చి స్నానం చేసి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి పిల్ల తుడిచి పొట్లం కట్టి ఉంది, ఎత్తుకోబోతే నర్సు అతని కనురెప్పల అంచున నల్లటి గీత చూసి, కాటుక పెట్టుకొచ్చావా అంది. ఆ తర్వాత ఆ పిల్లని ఎప్పుడు చూశాడు. నిద్రపోతుండగా చూశాడు. అతను వచ్చేసరికి నిద్ర, అతను లేచేసరికి బడి. పంచదార డబ్బాకింద చీటీలు పెట్టేది, “నాన్నా నా పన్ను ఊడింది”, “నాన్నా నేను వంద మీటర్లలో రెండో దాన్ని”, అతను బొగ్గు పెన్సిలుతో కింద బాగు బాగు అని రాసి పెట్టేవాడు, అంతకంటే ఏం రాయాలో తెలిసేది కాదు. పిల్ల పెరగడం చీటీల్లో చదివాడు. ఒక ఆదివారం చెస్ట్‌నట్ కాయలు ఏరడానికి కొండెక్కినప్పుడు అది ముందు పరిగెత్తి మలుపు తిరిగి మాయమైపోయింది, పిలిస్తే పలకదు, మలుపు తిరిగి చూస్తే రాయిమీద కూర్చుని, “ఎంతసేపయ్యా నువ్వు?” అంది. ఏడేళ్ళు దానికి.

ఆ పిల్లే తనకి పరుగు నేర్పింది. యాభై ఒక్కేళ్ళ మనిషికి. సోఫాలోంచి లేపి బూట్లు తొడిగించి, “లే నాన్నా, నాకు వెనక ఒక మనిషి కావాలి, జీతమివ్వలేని కంపెనీకి నాన్న తప్ప ఎవరొస్తారు,” అంది. మొదటిరోజు వంతెన దాకా వెళ్ళి పొద్దున తిన్న బీన్సంతా కక్కుకున్నాడు. అది పగలబడి నవ్వి మూతి తుడిచింది. దిగుడులో పరిగెత్తడం అన్నిటికంటే కష్టమైంది, బావిలో ముప్పై ఏళ్ళు ఏ అడుగు ఎక్కడ వెయ్యాలో చూసి చూసి వేసిన కాళ్ళు, జారడమంటే చావడమని నేర్చుకున్న కాళ్ళు. “వదిలెయ్ నాన్నా, చేతులు వదిలెయ్, పడతావేమో అన్నట్టే ఉండాలి, పడవు,” అని ముందు వెనక్కి తిరిగి పరిగెడుతూ చెప్పేది, అతను చేతులు రెండూ కోడిపెట్టలా ఎత్తి దిగేవాడు, ఊళ్ళోవాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూసేవాళ్ళు. ఈ మూడు వేసవుల్లో దాంతో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు పాతికేళ్ళలో మాట్లాడలేదు. పరిగెడుతూ మాట్లాడితే మొహాలు చూసుకోనక్కర్లేదు, అదొక సుఖం. దానికి ఉల్లిపాయ పడదని అతనికి యాభై రెండో ఏట తెలిసింది. ఇది పోతుంది. కాయితం పెట్టెలోంచి బయటికొస్తే ఇదంతా పోతుంది, మళ్ళీ చీటీలు. అందుకే కదా. జబ్బు గురించి కాదు, చావు గురించి కూడా కాదు, పొద్దున్నే ఆరింటికి అది కిటికీమీద వేలితో కొట్టి “చీపురూ, తెల్లారింది” అంటుందే, దాని గురించి.

నడుముకున్న చిన్న రేడియో గరగరలాడింది.

“నాన్నా, ఎక్కడున్నారు?”

“సత్రం దాటాం. వస్తున్నాం.” ఈ మాటలకి పీల్చిన గాలంతా అయిపోయింది, మీట వదిలాక పెదాలు బిగించి ఊదాడు.

“విసీ ఎలా ఉంది?”

“బావుంది.”

“నువ్వు?”

“బావున్నా.”

“ఇక్కడ దుప్పటి కప్పినట్టుంది మంచు. బాణం గుర్తులు చూసుకుంటూ రండి. కంగారేం లేదు.”

దాని గొంతు కూడా అలసిపోయి ఉంది. ఎప్పణ్ణుంచి అలా ఉందో. రాత్రిళ్ళు దారి పటాలు, గదుల బుకింగులు, ఎవరికి పాలు పడవో ఎవరికి చేప పడదో రాసుకోవడం, పొద్దున్నే అందరికంటే ముందు లేచి పాదాలకి కట్లు కట్టడం. ఇరవై ఎనిమిదేళ్ళకే కళ్ళకింద గుంటలు. దానికోసమే చేసుకుంటోంది, దాని కంపెనీ అది, దాని కల అనుకున్నాడు. తను మానేస్తే వెనక మనిషి ఉండడు, కొత్తవాణ్ణి పెట్టుకునే శక్తి దానికి లేదు, యాత్రలు ఆగిపోతాయి, అందుకని తను మానకూడదు. మూడు వారాలుగా ఈ వాక్యం అతన్ని కొండలెక్కిస్తోంది. వాక్యం బాగానే ఉంది. కాళ్ళే.

దారి నిటారుగా లేచింది. రాళ్ళు తడిగా, మట్టి నల్లగా. విసీ కర్రలు పొడుస్తూ ఒక్కో అడుగూ వేస్తోంది, పరుగు అన్న మాట ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆవిడ వెనక్కి చూడకుండానే అంది, “అయితే మీ అమ్మాయి వెళ్ళిపోయాక ఏం చేద్దామనుకుంటున్నావు?”

“ఎక్కడికి?”

ఆవిడ కర్రలు ఆగాయి.  

“నా నోరు పడిపోను,” అంది.

“ఎక్కడికి దోన్యా విసీ?”

“నీకు చెప్పేసి ఉంటుందనుకున్నాను. నిన్న సాయంత్రం నా బొబ్బలకి మందు రాస్తూ చెప్పింది. గిహోన్లో, హైస్కూల్లో వ్యాయామం టీచరు. పరీక్ష రాసిందట, వచ్చిందట. సర్కారు ఉద్యోగమయ్యా, వేలమంది రాస్తారు. సోమవారంలోగా చేరుతున్నానో లేదో చెప్పాలట.”

“చేరుతున్నానందా?”

“లేదు. వద్దని చెప్పేస్తానేమో అంది.”

“ఎందుకని?”

విసీ ఇటు తిరిగింది. తడిసిన ఎర్రటి మొహం, కళ్ళద్దాల మీద నీటి చుక్కలు. “ఎందుకేమిటి. మా నాన్న రెండేళ్ళు గోడ చూస్తూ కూర్చున్నాడు విసీ, మళ్ళీ తీసుకెళ్ళి ఆ గోడ ముందు కూర్చోబెట్టలేను, అంది. అసలు ఈ యాత్రలు పెట్టిందే అందుకట. ఇక చూడు, చెప్పకూడనివన్నీ చెప్పేశాను. తిట్టు నన్ను.”

తిట్టలేదు. నడవమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ నడిచింది. అతనూ నడిచాడు, నాలుగడుగులు, అయిదు, లెక్క లేదు. గోడ. లేత పచ్చ గోడ, మూలన తడి మరక, పైన క్యాలెండరు. తను చూసింది గోడని కాదే, ఏమీ చూడలేదు, ఊరికే కూర్చున్నాడంతే, ఎవరికీ అడ్డు రాకుండా. అలా కూర్చోవడాన్ని నోయీ చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చూసిందో, అప్పుడే లియోన్లో చదువు ముగించుకొచ్చిన పిల్ల, స్నేహితులంతా మద్రీదు పోతుంటే. నాకు వెనక మనిషి కావాలి అంది. అబద్ధం. కావలసింది దానికి కాదు. ఒకరినొకరు మోస్తున్నామనుకుంటూ ఈ కొండలన్నీ ఎక్కారు, అది తన కోసం, తను దాని కోసం. ఇద్దరి కాళ్ళూ విరిగిపోతున్నాయి, ఇద్దరూ బావున్నా బావున్నా అని రేడియోల్లో చెప్పుకుంటున్నారు. కోపం రావాలి. వచ్చింది కూడా, మెడ దాకా వచ్చి అక్కడ గాలి లేక ఆగిపోయింది. దాని వెనకే ఇంకేదో వచ్చింది, సిగ్గుపడాల్సినంత హాయిగా ఉన్నది. మానెయ్యొచ్చు. ఈ వాక్యాన్ని ఇక మోయనక్కర్లేదు. దానికోసం పరిగెత్తాలి అన్నది అబద్ధమైతే మరి ఇంక ఎవరికోసం.

కాళ్ళు ఆ మాట మెదడుకంటే ముందు విన్నట్టున్నాయి. యాత్రికుల గవ్వ గుర్తున్న దారిరాయి ఒకటి కనపడితే దానిమీద కూర్చున్నాడు. కూర్చోవాలని అనుకోలేదు. పీల్చాడు, లోపల ఎక్కడో ఒక తలుపు మూసి ఉంది, గాలి అక్కడిదాకా పోయి తిరిగొచ్చేస్తోంది. మళ్ళీ పీల్చాడు. కళ్ళముందు మంచు ఇంకా తెల్లబడింది, చుక్కలు చుక్కలుగా, సెనగ గింజలు. ఇక్కడే ఉండిపోతే. గుర్రాలు వస్తాయి, చూసి పోతాయి. ఎవరో వీపుమీద చెయ్యి వేశారు, చెయ్యి చిన్నది, బలమైనది. “నా వైపు చూడు. నా వైపు. నాతో పాటు వదులు. ఇంకా, ఇంకా, ఇంకా. ఇప్పుడు అదే వస్తుంది, నువ్వేం లాగక్కర్లేదు. ఊఁ. వచ్చిందా? ఇంకోటి.” ఎంతసేపో తెలియదు. ఆవిడ నుదుటిమీద చెమటో మంచో. మంచు మళ్ళీ పసుపు పూలుగా, రాళ్ళుగా విడింది.

“గనిలోనా?” అంది విసీ.

తలాడించాడు.

“ఇంట్లో తెలుసా?”

తలాడించలేదు.

“నేను చెప్పను,” అంది ఆవిడ. “ఇవాళ్టికి నా కోటా అయిపోయింది. నువ్వే చెప్పుకో. లే, ఇంక ఎక్కడం లేదు, అంతా దిగుడే.”

దిగుడే. చివరి మలుపు దాటాక దారి మెత్తగా కనుమలోకి వంగింది. విసీ అతని పక్కనే నడిచింది, ముందు కాదు. కింద ఎక్కడో వ్యాను తలుపు జరిగిన చప్పుడు, ఎవరో నవ్వడం, గిన్నె మూత. ఆ చప్పుళ్ళలోంచి ఒక అడుగుల చప్పుడు విడిపోయి పైకి వస్తోంది, తేలిగ్గా, రాయి కదలకుండా వేసే అడుగులు, వెయ్యిమందిలో గుర్తుపడతాడు. నోయెలియా మంచులోంచి బయటికొచ్చింది. జుట్టు తడిసి నుదుటికంటుకుని ఉంది.

“రేడియో ఎందుకు ఎత్తడం లేదు? నాలుగుసార్లు పిలిచాను.”

వినిపించలేదు. నాలుగుసార్లు.

“నోయీ, నేనిక పరిగెత్తలేను.”

“సరే, ఇక్కణ్ణుంచి నడుద్దాం. అందరూ డస్సిపోయారు ఎలాగూ.”

“ఇక్కణ్ణుంచి అని కాదు తల్లీ. ఇంకెప్పుడూ.”

అది అతన్ని చూసింది, విసీని చూసింది. విసీ వంగి బూటు తాడు కట్టుకుంటోంది, కట్టి ఉన్న తాడునే.

“చెప్పేసిందన్నమాట,” అంది నోయెలియా.  “విసీ, మిమ్మల్ని నమ్మి చెప్పాను.”

“ఆవిణ్ణి అనకు. ఆ ఉద్యోగం కోసం కాదు నేనంటున్నది.”

“దానికోసమే. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు ఆఖరి ముక్క నా కంచంలో వేసి కడుపు నిండిపోయిందనేవాడివి, తర్వాత రొట్టెతో గిన్నె తుడుచుకు తినేవాడివి, నేను చూడలేదనుకున్నావా? ఇప్పుడు నన్ను గిహోన్ పంపించాలి, అందుకని మోకాలు నొప్పి, నడుం నొప్పి, ముసలాణ్ణయిపోయాను. నాకొద్దు నాన్నా ఈ నాటకం.”

“ఊపిరితిత్తులు. రెండో దశ. డాక్టరమ్మ చెప్పింది.”

“ఎప్పుడు?”

“మూడు వారాలైంది.”

“పోయినేడు లాగే అన్నావు. అమ్మతో అన్నావు, నేను పక్కనే ఉన్నా.”

“అన్నాను.”

“కాయితం ఏది?”

“ఇంట్లో. పనిముట్ల పెట్టెలో, స్పానర్ల కింద.”

“అబద్ధం,” అంది. కళ్ళు గట్టిగా తెరుచుకుని ఉన్నాయి, ఏడవకూడదనుకున్నప్పుడు చిన్నప్పణ్ణుంచీ అంతే. “మూడు వారాల్లో నాతో రెండు యాత్రలు చేశావు. రెండో దశ మనిషి రెండు యాత్రలు ఎలా చేస్తాడు? అబద్ధమైనా కాస్త కుదిరేట్టు చెప్పు.”

ఎలా చేశాడు. అతనికీ తెలీదు. చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు, మాటలకి గాలి కావాలి, గాలి మిగిలింది కొంచెమే, దాన్ని దేనికి ఖర్చుపెట్టాలి. సంచి కట్టు విప్పాడు. ఛాతీ దగ్గరిది, నడుం దగ్గరిది. సంచి గడ్డిమీద పడింది. కోటు జిప్పు లాగి, దాన్నీ భుజాలనుంచి జార్చేశాడు, చలి ఒక్కసారిగా పలుచటి బనీను మీద పడింది. కూతురికి వీపు తిప్పి నిలబడ్డాడు.

“విను,” అన్నాడు.

 కింద వ్యాను దగ్గర ఎవరో సూపు చల్లారిపోతోందని కేకేశారు. విసీ అటు నడుచుకుంటూ వెళ్ళిపోయింది, కర్రలు రాళ్ళమీద టక్కు టక్కుమంటూ, దూరమవుతూ. తర్వాత గడ్డిమీద ఒక అడుగు. తర్వాత వీపుమీద, ఎడమ రెక్క కిందుగా, తడి జుట్టు, దానికింద చెవి. చల్లగా ఉంది, కాసేపటికి అక్కడ వెచ్చబడింది.

“పీల్చు,” అంది.

పీల్చాడు. దాచడానికి ఏమీ చెయ్యలేదు, పెదాలు బిగించలేదు, లెక్కపెట్టలేదు, ఎలా పోతే అలా పోనిచ్చాడు. లోపల ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడు, ఇన్నాళ్ళూ తనొక్కడే విన్నది. వదిలాడు. వదలడం చాలాసేపు పట్టింది, చివర్లో సన్నగా కూసింది.

“మళ్ళీ.”

మళ్ళీ పీల్చాడు. చెవి కొంచెం కిందికి జరిగింది, ఇంకో చోట ఆనింది. అక్కడా వింది. కుడిపక్కకి వచ్చింది. ఒక్క చోటైనా శుభ్రంగా ఉంటుందేమోనని వెతుకుతున్నట్టుంది.

“మళ్ళీ,” అంది, ఈసారి గొంతు రాలేదు, గాలి మాత్రమే వచ్చింది.

ఇక చెవి జరగలేదు. నుదురు వచ్చి ఆనింది, రెండు చేతులూ ముందుకొచ్చి అతని పొట్టమీద బనీనుని పిడికిళ్ళతో పట్టుకున్నాయి. దాని బరువంతా అతనిమీద పడింది. ఎప్పణ్ణుంచి నిద్రపోలేదో ఈ పిల్ల. నిలబడ్డాడు, నిలబడడం ఇప్పటికి చాతనవుతుంది. చాలా చెప్పాలి. గిహోన్లో సముద్రం ఉంది, నడవడానికి చదునుగా ఉంటుంది, ఆదివారాలు బస్సెక్కి వస్తానని చెప్పాలి, గోడ ముందు కూర్చోనని చెప్పాలి, అది నిజమో కాదో ఇంకా తెలీదు.

“సోమవారం ఫోను చెయ్యి వాళ్ళకి,” అన్నాడు. “చేరుతున్నానని—”

“మాట్లాడకు,” అంది నోయెలియా అతని వీపులోకి. “ముందు ఊపిరి పీల్చుకో.”